తాత కయ్య, చెరువు కాలవ, నా పదో తరగతి ప్రాజెక్టు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి మా అక్క కూతురు వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల అక్కడ పన్నెండో తరగతి. వాళ్ల స్కూల్లో ఆఖరి ఏడు 'సీనియర్ ప్రాజెక్టు' అని ఒకటి ఉంటుందంట. విషయం వాళ్లే ఎంచుకోవాల. బయటి పెద్దమనిషిని ఒకరిని మెంటర్‌గా పెట్టుకోవాల. వ్యాసం రాయాల, చేత్తో ఏదైనా చేసి చూపించాల, చివర్న నలుగురు కూర్చున్న ప్యానెల్ ముందర నిలబడి చెప్పాల.

"మామా, సులభంగా అయిపోవాల. కాలేజీవాళ్లు చూస్తే మాత్రం గొప్పగా ఉండాల. అట్లాంటి టాపిక్ ఒకటి చెప్పు" అనింది.

నాకు నవ్వొచ్చింది. 2005లో నేను మా సైన్సు సార్‌ని సరిగ్గా ఇదే అడిగినా. నేను కన్నడంలో అడిగినా, అంతే తేడా. ఆ పిల్లకు ఫోన్‌లో సగం చెప్పినా. మిగతాది ఇక్కడ రాస్తాండాను, ఎందుకంటే అది మన ఇంటి సంగతి కూడా. నేను చదివింది అంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నా. తప్పులుంటే పెద్దవాళ్లు సర్దుకుని చదవండి.

బయట ఊర్లలో పుట్టిన మన పిల్లల కోసం ఒక మాట. మన ఊరు బాగేపల్లి తాలూకా. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే హైవేలో సుమారు వంద కిలోమీటర్లు. ఇంకొంచెం ముందుకు పోతే కొడికొండ చెక్‌పోస్టు, అక్కడి నుంచి ఆంధ్ర. అప్పుడు మాది కోలారు జిల్లా, 2007లో చిక్కబళ్లాపుర జిల్లా వేరే అయింది. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, గుడి ముందర భజనలో కైవారం తాతయ్య తెలుగు పాటలు. బడి గేటు దాటితే మాత్రం కన్నడ. క్లాసులో తెలుగు మాట నోరు జారితే పక్కవాడు నవ్వేవాడు. వాడింట్లోనూ తెలుగే, అది వేరే సంగతి.

పదో తరగతిలో ఉన్నప్పుడు జాతీయ బాలల విజ్ఞాన సమావేశం వచ్చింది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం 1993 నుంచి దేశమంతా జరిగేది అది. కర్ణాటకలో దాన్ని రాజ్య విజ్ఞాన పరిషత్తు నడిపేది. 2004, 2005 రెండేళ్లకూ ఇచ్చిన అంశం నీళ్లు. మేము ఐదుగురం ఒక గుంపు, నేను లీడరు. మాకు వచ్చిన మొదటి ఆలోచన థర్మోకోల్ డ్యామ్. చిన్న మోటారు, నీలం రంగు, గేటు ఎత్తితే బల్బు వెలగాల. మాలో ఒకడి మామకు బెంగళూరులో అంగడి ఉండేది, సామాన్లు అక్కడి నుంచి వస్తాయని లెక్క.

సార్ అంతా విని ఒకే మాట అడిగినాడు. "ఇందులో మీకు తెలియనిది ఏముందిరా?"

డ్యామ్‌లో నీళ్లుంటాయి, గేటు ఎత్తితే కిందికి పోతాయి, బల్బు వెలుగుతుంది. ఏమీ లేదు. అన్నీ తెలిసినవే. "తెలియనిది ఒకటి పట్టుకుని రండి, నడిచిపోయి చూడగలిగేంత దగ్గరలో ఉండాల" అని పంపించినాడు.

ఆ రోజు సాయంత్రం మా తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏదో మాటకు "మన చెరువు మొరవ పోయి ఎన్నేండ్లయింది తాతా?" అని అడిగినా. మొరవ పోవడమంటే చెరువు నిండి ఎక్కువైన నీళ్లు పక్కనుంచి దుమికి పోవడం. కొన్ని వైపుల దీన్నే అలుగు పారడం అంటారు.

"నువ్వు ఒకటో తరగతికి పోయిన ఏడు పోయింది. మళ్లీ పోలా" అన్నాడు తాత.

అంటే తొమ్మిదేళ్లు. 2001 నుంచి 2003 దాకా కరువు, అది అందరికీ తెలుసు. ఊర్లో ఎవరినడిగినా "కరువప్పా" అనేవాళ్లు. కానీ కరువు లేని ఏండ్లు కూడా ఉన్నాయి కదా? అప్పుడెందుకు నిండలా? మాలో ఎవరికీ తెలియదు. సార్ దగ్గరికి పోయి చెప్తే "ఇదీ ప్రశ్న" అన్నాడు.

చేసిన పని చెప్తాను. మన పిల్లల్లో ఎవరికైనా పనికొస్తుంది.

సార్ ఒక సర్వే మ్యాపు తెచ్చినాడు. అందులో రెండు సెంటీమీటర్లంటే నేలమీద ఒక కిలోమీటరు. చెరువుకు నీళ్లొచ్చే ప్రాంతమంతా పెన్సిల్‌తో గీసి, గ్రాఫ్ పేపర్ మీదికి దించి, గడులు లెక్కబెట్టినాము. సెంటీమీటరు గడి ఒక్కొక్కటి పావు చదరపు కిలోమీటరు. పన్నెండు గడులొచ్చినాయి, అంటే మూడు చదరపు కిలోమీటర్లు. మా వైపు ఏటా సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడిన వానలో పదింట ఒక వంతు చెరువుకు చేరుతుందని సార్ లెక్క తీసుకోమన్నాడు. అంతా గుణిస్తే 21 కోట్ల లీటర్లు. పంచాయతీ పుస్తకంలో చెరువు 40 ఎకరాలు. ఆ నీళ్లన్నీ 40 ఎకరాల్లో పరిస్తే 1.3 మీటర్ల ఎత్తు. అంటే అప్పటి నా ఛాతీ దాకా రావాల. సగటు వాన పడిన ఏడు కూడా మా చెరువులో మోకాటి దాకే.

ఆ లెక్క వచ్చిన రోజు మా ఐదుగురికి నిద్ర పట్టలా. మిగతా నీళ్లు యాడికి పోయినాయి?

మొదట పూడిక అనుకున్నాము. చెరువులో నాలుగు చోట్ల గుంతలు తవ్వి చూస్తే కట్ట పక్కన రెండున్నర అడుగుల మెత్తని మన్ను, దాని కింద పాత గట్టి నేల. కానీ పూడికుంటే చెరువు తొందరగా నిండాల కదా, నిండకుండా ఎట్లా ఉంటుంది? మాలో చాలా తక్కువ మాట్లాడే పిల్ల ఒకతి ఉండేది, ఆ పిల్ల అడిగింది ఈ మాట. అప్పుడు కాలవ చూడాలనుకున్నాము.

కాలవ గురించి ఊర్లో అందరికంటే తెలిసిన మనిషి నీరుగంటి. తూము తీసేది, మూసేది, ఆయకట్టులో ఎవరి కయ్యకు ఎంతసేపు నీళ్లు అని చెప్పేది ఆయనే. వాళ్ల తండ్రి, తాత కూడా అదే పని. పంట ఇంటికొచ్చినప్పుడు ప్రతి రైతు కళ్లంలో ఇంత అని మేర కొలిచేవాడు, అదే జీతం. ఆయకట్టు కింద ఆయనకు సెంటు భూమి లేదు. ఆయన ఇల్లు ఊరి బయట కాలనీలో. నేను మొదటిసారి ఆ వీధిలోకి పోయింది ఈ ప్రాజెక్టు కోసమే. పుట్టి పదిహేనేండ్లు అదే ఊర్లో ఉన్నా.

ఆయన మాతో ఒక పొద్దంతా నడిచినాడు. గుట్ట కింద కాలవ పన్నెండు అడుగుల వెడల్పు ఉంది, మేము టేపుతో కొలిచినాము. యాడ మన్ను జారుతుంది, యాడ రాళ్లు పేర్చాల, పెద్ద వాన రాత్రి ఏ మలుపు దగ్గర కాపలా ఉండాల, అన్నీ చెప్పుకుంటా వచ్చినాడు. నేను లాగ్ బుక్కులో రాసుకుంటా ఉన్నా. చెరువుకు పావు మైలు దూరంలో ఒక మలుపు దగ్గర కాలవ సన్నబడింది. మళ్లీ కొలిచినాము. నాలుగు అడుగులు. రెండు పక్కలా జొన్న చేను, వేరుశనగ చేను.

"ఇక్కడెందుకు ఇట్లా అయింది?" అని మావాడొకడు అడిగినాడు.

ఆయన నా వైపు చూసి, తల తిప్పుకుని, "ఈడి సంగతి మీ తాతనడుగు సామీ" అన్నాడు.

నాకు అర్థమయింది. ఆ జొన్న చేను మనదే.

ఆ రోజు నా లాగ్ బుక్కులో ఏముందో ఇప్పుడు ముందర పెట్టుకుని చూస్తాండాను. "కాలవ చూసినాము." అంతే. మిగతా రోజులన్నీ ఒక్కొక్కటి పేజీ నిండా ఉన్నాయి. నేను ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా టీములో కొత్తగా చేరిన పిల్లోడు ఎవరైనా కింద ఏ ఆధారమూ పెట్టకుండా 'పాస్' అని ఒక్క మాట రాసి పంపితే, వాణ్ణి పిలిచి కూర్చోబెట్టి అడుగుతాను. ఆ రోజు నన్ను అడిగేవాళ్లు లేరు.

ఇంటికొచ్చి చార్టు మీద మ్యాపు గీసినా. గుట్ట నుంచి చెరువు దాకా కాలవ ఒకటే వెడల్పు. పక్కన ఇంకో రెండిళ్లవాళ్ల చేన్లు కూడా కాలవలోకి వచ్చినాయి. మనది రాయకుండా వాళ్లవి రాయలేను కాబట్టి ఏదీ రాయలేదు.

చార్టు నడిమింట్లో నేల మీద పరిచి రంగులేస్తా ఉంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. తాతకు చదువు రాదు. కానీ వేలు పెట్టి "ఇది గుట్ట, ఇది గంగమ్మ గుడి, ఇది కట్ట, ఇది మొరవ" అని గబగబా చెప్పేసినాడు. మ్యాపు చూసేది ఆయనకు ఎవరూ నేర్పలా. వేలు కాలవ వెంబడి వచ్చి మలుపు దగ్గర నిలిచింది.

"మన కయ్య యాడరా?"

నేను మాట్లాడలా.

"నీరుగంటి చెప్పలేదా?"

"నిన్ను అడగమన్నాడు."

తాత కొంచేపు ఊరికే ఉన్నాడు. తర్వాత చెప్పినాడు. నేను పుట్టకముందు వరసగా కరువులొచ్చినాయంట. కాలవలో నీళ్లు లేవు, మెత్తని మన్ను పరుచుకుని ఉంది. "నాగలి తిరిగినంత దున్నినా. ఆ ఏడు అదొక్కటే పండింది. ఆ తర్వాత ఏటికొక చాలు, ఏటికొక చాలు. నన్ను చూసి పక్కోళ్లు. మొదలుపెట్టింది నేనే."

"రాయాలా తాతా?"

"మందివి రాసి మనది వదిలితే అది లెక్క కాదప్పా, కత. రాయి. నేను చెప్పినానని రాయి."

అప్పుడు నాయన ఇంట్లోనే ఉన్నాడు. చాలా కోపం చేసుకున్నాడు. రేపు సర్వేవాళ్లు వస్తారు, కయ్య పోతుంది, మార్కుల కోసం ఇంటి గుట్టు బయట పెడతావా అని. నాయన భయంలో తప్పు లేదు. ఆ కయ్య మీదే అక్క ఫీజు, నా ఫీజు. కానీ తాత మాటకు ఎదురు చెప్పలేక నాయన నాతో మాట్లాడడం మానేసినాడు. దసరా దాకా మాట్లాడలా. అమ్మ మధ్యలో నలిగింది.

మ్యాపు మళ్లీ గీసినా. పన్నెండు అడుగులు, నాలుగు అడుగులు, మూడు చేన్లు, మనది ముందర.

రిపోర్టు కన్నడంలో రాసినాము. నేను మొదట తాత మాటలు, నీరుగంటి మాటలు అట్లే పెట్టినా. సార్ ఎర్ర పెన్నుతో అన్నీ మార్చినాడు. అది ఆయన తప్పు కాదు, కన్నడ రిపోర్టులో కన్నడ మాటలే ఉండాల. కట్ట 'ఏరి' అయింది, ఆయకట్టు 'అచ్చుకట్టు' అయింది, పూడిక 'హూళు' అయింది, మొరవ 'కోడి' అయింది. చెరువు మొరవ పోయిందనేదాన్ని కన్నడంలో 'కెరె కోడి హోగిదె' అంటారు. నేను గట్టిగా చదువుతా ఉంటే అవ్వ పొయ్యి దగ్గర నుంచి "చెరువులో ఎవరి కోడి పోయిందిరా?" అని అడిగింది. అవ్వకు కన్నడం బాగా వచ్చు, కావాలనే అడిగింది. ఆ నవ్వుకు నాయన కూడా నవ్వి, నేను చూస్తాండానని తెలిసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కోలారులో జిల్లా పోటీ. మా వంతు వచ్చింది. జడ్జి ఒకాయన మ్యాపు చూసి "ఈ చేను ఎవరిది?" అని అడిగినాడు. "మాదే సార్" అన్నా. గొంతు ఎండిపోయింది. ఆయన ఏమీ అనలా, ఏదో రాసుకున్నాడు. తర్వాత లెక్క చూసి "వానలో పదింట ఒక వంతు చేరుతుందని యాడ నుంచి తెచ్చినావు? తొమ్మిదింట ఒకటి ఎందుకు కాదు? ఇరవైలో ఒకటి ఎందుకు కాదు?" అన్నాడు. "సార్ చెప్పినారు" అన్నా. "నువ్వు చూసినావా?" అన్నాడు. లేదు.

మేము రాష్ట్ర స్థాయికి పోలా. బస్సులో వస్తా నేను చానా సేపు అనుకున్నా, మన కయ్య రాసినందుకే ఓడిపోయినామని. చానా ఏండ్లకు తెలిసింది, మమ్మల్ని ముంచింది ఆ నిజం కాదు, నేను చూడకుండా రాసుకున్న ఆ అంకె. కాలవలో ఒక వాన రోజు నిలబడి వెడల్పు, లోతు, నీళ్ల వేగం కొలిచింటే చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది. ఎవరో చెప్పిన అంకె మీద కట్టిన లెక్క, లెక్క ఎంత బాగున్నా నిలబడదు. ఆఫీసులో ఇప్పటికీ నేను ఎవరు ఏ అంకె చెప్పినా "యాడ చూసినారు?" అని అడుగుతాను. కొందరికి కోపమొస్తుంది.

పోటీ అయిన వారానికి తాత పార తీసుకుని కయ్యకు పోయినాడు. ఎవరికీ చెప్పలా. నాలుగు రోజుల్లో మన వైపు ఆరడుగులు తవ్వి కాలవకు వదిలినాడు. మిగతా ఇద్దరు వదల్లా. వాళ్లనేమీ అడగలా తాత. ఆ అక్టోబరులో బెంగళూరులోనూ మా వైపూ కుండపోత వానలు. చెరువు నిండింది. మొరవ పోయింది. అవ్వ గంగమ్మకు పసుపు, కుంకుమ, పూలు తీసుకుని పోయింది. ఊరంతా కట్ట మీదే.

తాత కాలవ తవ్వినందుకే నిండిందా? చెప్పలేను. ఆ ఏడు వాన కూడా ఎక్కువే. రెండు ఒకేసారి మారితే ఏది కారణమో తేల్చలేము, మా పనిలో ఇది మొదటి పాఠం. నాయన "వానకు నిండింది" అన్నాడు. తాత ఏమీ అనలా. కానీ ఆ రోజు నుంచి నాయన నాతో మాట్లాడినాడు.

ఆ తర్వాత చెరువుకు మంచి రోజులు ఎక్కువ రాలా. గుట్ట వైపు నీలగిరి తోటలు వేసినారు, బోర్లు వేయి అడుగులు దాటినాయి, నీళ్లలో ఫ్లోరైడు. తాత పోయినాడు, అవ్వ పోయింది. తాత వదిలిన ఆరడుగులు ఇప్పటికీ అట్లే ఉన్నాయి. నాయన ప్రతి ఏడూ అక్కడిదాకా దున్ని నాగలి తిప్పుతాడు. ఇప్పుడు ట్రాక్టరు, అయినా అంతే.

ఇదంతా చెప్పి మా అక్క కూతురిని సార్ మాటే అడిగినా. "నువ్వు అనుకున్న టాపిక్‌లో నీకు తెలియనిది ఏముంది?" ఆ పిల్ల మొహం ముడుచుకుంది. రెండు వారాలకు మళ్లీ ఫోన్ చేసింది. వాళ్ల ఇండ్ల వెనకాల వాన నీళ్లు నిలవడానికి తవ్విన గుంట ఉందంట. పెద్ద వానొస్తే వీధిలోకి నీళ్లొస్తాయంట, ఎందుకో ఎవరికీ తెలియదంట. "దానికి కూడా మొరవ ఉంటుందా మామా?" అని అడిగింది.

"ఉండాల. పోయి చూడు" అన్నా. ఇంగ్లీషు అక్షరాల్లో 'మొరవ' అని నోట్‌బుక్కులో రాసుకోవడం స్క్రీన్ మీద కనిపించింది.

నేను ఆ మాటను పదిహేనేండ్లప్పుడు కన్నడ అక్షరాల్లో రాసుకున్నా. రిపోర్టులో కొట్టేసిన మాటలన్నీ లాగ్ బుక్కులో అట్లే ఉన్నాయి. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు, ఎందుకంటే అప్పుడు నాకు వచ్చింది అవే. కట్ట, తూము, మొరవ, కయ్య, వంక, మేర, చాలు, పూడిక. ఇప్పుడు ఇక్కడ తెలుగు అక్షరాల్లో దించుతాండాను. ఇంకా కొన్ని ఉన్నాయి, అర్థం మర్చిపోయినా. చిన్నాయన, పెద్దత్త, మీకు గుర్తుంటే ఫోన్ చేయండి.

ఇంకొకటి మిగిలిపోయింది. మొన్న రిపోర్టు మళ్లీ తెరిచి చూసినా. మొదటి పేజీలో ధన్యవాదాలు ఉన్నాయి. హెడ్‌మాస్టరుకు, సార్‌కు, పంచాయతీ సెక్రటరీకి, తాలూకా ఆఫీసువాళ్లకు, మా తాతకు. నీరుగంటి పేరు లేదు. ఒక పొద్దంతా మాతో ఎండలో నడిచి, ఉన్నదంతా చెప్పి, చెప్పకూడదని తాననుకున్న ఒక్కటి మాత్రం చెప్పకుండా మా ఇంటి దారి చూపించిన మనిషి ఆయన. మన కయ్య రాసినానని ఇన్నేండ్లు లోపల గర్వపడుతా ఉన్నా. ఇది నా కంట్లో పడలా. అప్పుడు నన్ను ఎవరూ ఆపలా, ఆ పేరు నాకు గుర్తుకే రాలా.

ఆయన ఇప్పుడు లేడు. మనవడు బాగేపల్లిలో ఆటో నడుపుతాడు. దీపావళికి ఊరికి పోయినప్పుడు లాగ్ బుక్కు తీసుకుపోయి ఆ పేజీలు వాళ్లకు చూపిస్తాను. వాళ్లు సరే అంటే ఆయన పేరు ఇక్కడ రాస్తాను.